పవర్ బీఐలో గ్రూపులు, పర్మిషన్లు మళ్లీ మొదటి నుంచి సర్దుకోవడం ఎలా

ఆఫీసులో పవర్ బీఐ (డేటా నుంచి రిపోర్టులు, గ్రాఫులు కట్టే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) వాడటం మొదలుపెట్టి రెండు మూడేళ్లు దాటిందంటే పర్మిషన్ల పరిస్థితి దాదాపు అన్నిచోట్లా ఒకేలా తయారవుతుంది. మొదట్లో వాడేది నలుగురే కాబట్టి ఎవరు అడిగితే వాళ్ల మెయిల్ ఐడీ నేరుగా వర్క్‌స్పేస్‌లో (రిపోర్టులు ఉంచే ఉమ్మడి ఫోల్డర్ లాంటిది) వేసేస్తారు, తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత వాళ్ల టీమ్ మొత్తం, మధ్యలో ఎవరో రిపోర్ట్ తెరుచుకోవడం లేదని ఫోన్ చేస్తే తొందరలో మెంబర్‌గా (మార్చే హక్కు కూడా ఉండే రోల్) చేర్చేస్తారు, అది అలాగే ఉండిపోతుంది. వరంగల్ నుంచి విశాఖ బదిలీ అయిన మేనేజర్‌కి వరంగల్ బకాయిలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఉద్యోగం మానేసిన అనలిస్ట్ కట్టిన మోడల్, అంటే రిపోర్టుల వెనకుండే డేటా, ఆయన పేరు మీదే ఉండి, ఒకరోజు పొద్దున్నే రిఫ్రెష్, అంటే కొత్త డేటా రావడం, ఆగిపోతుంది. మన కంపెనీ మార్జిన్ ఎవరెవరికి కనిపిస్తోందని ఎండీ గారు అడిగితే కచ్చితంగా చెప్పగలిగేవాళ్లు ఒక్కరు కూడా ఉండరు.

రిపోర్టులు ఆపకుండానే దీన్ని సరిచేయొచ్చు. నేను చెప్పబోయేదంతా ఒక్క మాట మీద నడుస్తుంది: పర్మిషన్‌ని పనికి ఇవ్వండి, మనిషిని ఆ పనిలో చేర్చండి. మనిషి బదిలీ అయినా, మానేసినా మీరు ముట్టుకోవాల్సింది ఒక్కచోటే ఉండాలి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. మందుల డిస్ట్రిబ్యూషన్ వ్యాపారం, హైదరాబాద్‌లో హెడ్ ఆఫీస్, విజయవాడ, విశాఖ, తిరుపతి, వరంగల్‌లలో డిపోలు. సేల్స్, స్టాక్, బకాయిలు, జీతాలు, ఈ నాలుగు రకాల రిపోర్టులు ఉన్నాయి. డిపో మేనేజర్ తన డిపో లెక్కలే చూడాలి, జోనల్ మేనేజర్ రెండు మూడు డిపోలవి చూడాలి, జీతాలు హెచ్‌ఆర్‌కి తప్ప ఇంకెవరికీ కనిపించకూడదు. మీ కంపెనీ సిమెంట్‌దైనా, స్కూళ్లదైనా లెక్క ఇదే.

మొదటి పని: ఇప్పుడు ఏముందో రాసుకోండి

ఏదీ తీసేయకండి, ఏదీ చేర్చకండి. ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. మీకు ఫ్యాబ్రిక్ అడ్మిన్ హక్కు, అంటే కంపెనీ పవర్ బీఐ మొత్తాన్ని నడిపే హక్కు, ఉంటే అడ్మిన్ పోర్టల్‌లో వర్క్‌స్పేసెస్ అనే పేజీ ఉంటుంది, కంపెనీలో ఉన్న అన్ని వర్క్‌స్పేస్‌లూ అందులో కనిపిస్తాయి, జాబితాని ఫైల్‌గా దించుకోవచ్చు కూడా. స్టేటస్ కాలమ్‌లో ఆర్ఫన్డ్ అని ఉన్నవాటిని పక్కకు రాసుకోండి, అంటే వాటికి ఇప్పుడు అడ్మిన్ ఎవరూ లేరు, ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. వర్క్‌స్పేస్‌లు పదో పదిహేనో అయితే ఒక్కోటి తెరిచి మేనేజ్ యాక్సెస్ నొక్కి ఎవరు ఏ రోల్‌లో ఉన్నారో చేత్తో రాసుకోవడమే తేలిక. వందల్లో ఉంటే మాత్రం పవర్‌షెల్‌లో (కమాండ్లు రాసి పని చేయించే టూల్) పవర్ బీఐ మాడ్యూల్ వేసుకుని మొత్తం సంస్థ స్థాయిలో జాబితా లాగించండి, చేత్తో చేస్తే సగంలో వదిలేస్తారు.

షీట్‌లో ఈ వివరాలు ఉండాలి: వర్క్‌స్పేస్ పేరు, మనిషి లేదా గ్రూప్ పేరు, రోల్, ఆ మనిషి ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం, ఎందుకు ఇచ్చారో తెలిస్తే ఆ కారణం. చివరి గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది, ఉండనివ్వండి. పేర్ల పక్కన ఇప్పటి ఉద్యోగం రాయడానికి హెచ్‌ఆర్ దగ్గర తాజా జాబితా అడిగి తీసుకోండి, మీ గుర్తు మీద ఆధారపడకండి. వెళ్లిపోయినవాళ్లు, విభాగం మారినవాళ్లు ఇక్కడే బయటపడతారు.

వర్క్‌స్పేస్ జాబితాతో పని అయిపోదు, ఇంకో మూడు చోట్ల చూడాలి. ఒకటి, ఒక్కో రిపోర్ట్‌లో మేనేజ్ పర్మిషన్స్ తెరిస్తే షేర్ చేసిన లింకులు ఒకవైపు, నేరుగా యాక్సెస్ ఇచ్చినవాళ్లు ఒకవైపు కనిపిస్తారు, వీళ్లు వర్క్‌స్పేస్ జాబితాలో ఉండరు. రెండు, సెమాంటిక్ మోడల్‌కి, అంటే మనం మొన్నటిదాకా డేటాసెట్ అన్నదానికి, విడిగా ఒక పర్మిషన్ల పేజీ ఉంటుంది, బిల్డ్ హక్కు (ఆ డేటాతో కొత్త రిపోర్టులు కట్టే హక్కు) ఎవరికి ఉందో అక్కడే తెలుస్తుంది. మూడు, గేట్‌వే, అంటే ఆఫీసులో ఉన్న డేటాబేస్‌ని పవర్ బీఐకి కలిపే సాఫ్ట్‌వేర్. డేటాబేస్ కనెక్షన్‌ని ఎవరెవరు వాడొచ్చో అక్కడ వేరే జాబితా ఉంటుంది, పవర్ బీఐ శుభ్రం చేసినవాళ్లు కూడా దాన్ని ఎక్కువగా మర్చిపోతారు.

ఏ రిపోర్ట్ నిజంగా వాడుకలో ఉందో యూసేజ్ మెట్రిక్స్‌లో చూడండి. నెల రోజుల్లో ఒక్కరు కూడా తెరవని రిపోర్ట్‌కి పర్మిషన్లు సర్దడం దండగ, దాన్ని పాతవాటి వర్క్‌స్పేస్‌లోకి పంపే సంగతి దాని యజమానిని అడగండి. ఏడాదికోసారి మార్చిలో మాత్రమే తెరిచే రిపోర్టులూ ఉంటాయి కాబట్టి అడగకుండా తీసేయకండి.

రెండో పని: రోల్స్ అర్థం చేసుకోండి, ముఖ్యంగా ఆ ఒక్క సంగతి

వర్క్‌స్పేస్‌లో నాలుగు రోల్స్. అడ్మిన్ అన్నీ చేయగలడు, వర్క్‌స్పేస్‌నే తీసేయగలడు, వేరే అడ్మిన్‌లను కూడా తొలగించగలడు. మెంబర్ యాప్ (చూసేవాళ్ల కోసం రిపోర్టులను ఒకచోట పేర్చి ఇచ్చేది) పబ్లిష్ చేయగలడు, తనతో సమానంగా గానీ తనకంటే తక్కువ రోల్‌లో గానీ ఇతరులను చేర్చగలడు. కాంట్రిబ్యూటర్ రిపోర్టులు కడతాడు, మారుస్తాడు, తీసేస్తాడు. వ్యూయర్ చూస్తాడు, అంతే.

ఇప్పుడు ఆ ఒక్క సంగతి. డిపో మేనేజర్‌కి తన డిపో వరసలే కనిపించేలా చేసే రో లెవెల్ సెక్యూరిటీ వర్క్‌స్పేస్ రోల్స్‌లో వ్యూయర్‌కి మాత్రమే పనిచేస్తుంది. అడ్మిన్, మెంబర్, కాంట్రిబ్యూటర్‌లకు పనిచేయదు, ఎందుకంటే వాళ్లకు మోడల్‌ని మార్చే హక్కు ఉంది, మార్చగలిగేవాళ్ల నుంచి దాచి లాభం లేదు. మీరు ఎంత జాగ్రత్తగా ఫిల్టర్లు రాసినా సరే, తిరుపతి మేనేజర్‌ని ఎప్పుడో ఎవరో మెంబర్‌గా చేర్చి ఉంటే ఆయనకు అన్ని డిపోల లెక్కలూ కనిపిస్తాయి, పైగా ఎక్కడా ఎర్రర్ రాదు, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే మీ షీట్‌లో అన్నిటికంటే ముందు వెతకాల్సింది ఇదే: రిపోర్ట్ చూడటం తప్ప ఇంకేమీ చేయని మనిషి వ్యూయర్ కంటే పై రోల్‌లో ఎక్కడెక్కడ ఉన్నాడు? ఆ వరసలకు ఎరుపు రంగు వేసుకోండి.

ఇందులో ఆఫీసు మర్యాద ఒకటి అడ్డొస్తుంది. పెద్ద సార్‌కి వ్యూయర్ అని ఎలా ఇస్తాం, అడ్మిన్ ఇద్దాం అంటారు. ఎండీ గారికి కావాల్సింది అన్ని డిపోల లెక్కలు కనిపించడం, వర్క్‌స్పేస్ డిలీట్ చేసే బటన్ కాదు. చూపు విస్తృతంగా ఇవ్వడం వేరు, మార్చే అధికారం ఇవ్వడం వేరు, ఈ తేడా ఆయనకే నేరుగా రెండు నిమిషాల్లో చెప్పండి. చాలామంది పెద్దవాళ్లు ఇది వినగానే ఒప్పుకుంటారు, మధ్యలో ఉన్నవాళ్లే మొహమాటపడుతుంటారు.

లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. రిపోర్టులు కట్టేవాళ్లకు ప్రో లైసెన్సు ఉండాల్సిందే. చూసేవాళ్లకు కూడా మామూలుగా ప్రో కావాలి, మీ కంపెనీకి ఎఫ్64 లేదా అంతకంటే పెద్ద కెపాసిటీ (మైక్రోసాఫ్ట్ దగ్గర కంపెనీ విడిగా కొనుక్కునే కంప్యూటింగ్ సామర్థ్యం) ఉండి వర్క్‌స్పేస్ దాని మీద నడుస్తుంటే మాత్రం ఉచిత లైసెన్సుతోనే చూడొచ్చు.

మూడో పని: గ్రూపులు కాగితం మీద గీయండి

విభాగాల చార్ట్ చూసి గ్రూపులు కట్టకండి. విభాగాలు ఏడాదికోసారి మారతాయి. రిపోర్ట్‌తో ఎవరు ఏం పని చేస్తారన్నది అంత తొందరగా మారదు. సేల్స్ వర్క్‌స్పేస్ తీసుకుంటే దాని చుట్టూ ఉండే పనులు మూడే: నడిపేవాళ్లు, కట్టేవాళ్లు, చూసేవాళ్లు. కాబట్టి గ్రూపులూ మూడే. బీఐ-సేల్స్-అడ్మిన్, బీఐ-సేల్స్-బిల్డర్, బీఐ-సేల్స్-వ్యూయర్ అని పెట్టుకుంటే పేరు చూడగానే ఎక్కడిది, ఎందుకన్నది తెలిసిపోతుంది. స్టాక్‌కి మూడు, బకాయిలకు మూడు, జీతాలకు మూడు. మొత్తం పన్నెండు గ్రూపులతో ఆ ఊహా కంపెనీ మొత్తం సరిపోతుంది.

డిపోకి ఒక గ్రూప్ కట్టాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది, సేల్స్-విజయవాడ, సేల్స్-విశాఖ అని. వద్దు. నాలుగు డిపోలు, నాలుగు రిపోర్టులు అంటే అప్పుడే పదహారు, కొత్తగా కర్నూలులో డిపో తెరిస్తే ఇంకో నాలుగు. ఎవరు ఏ డిపో చూడాలన్నది గ్రూపుల పని కాదు, అది డేటాలో ఒక టేబుల్ పని, దాని సంగతి కింద చెబుతాను.

ఈ గ్రూపులను పవర్ బీఐలో కట్టరు, కంపెనీ లాగిన్లు, గ్రూపులు ఉండే మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీలో కడతారు. 2023 వరకు దాన్నే అజూర్ యాక్టివ్ డైరెక్టరీ అనేవాళ్లు, మీ ఐటీ వాళ్లు ఇప్పటికీ ఏడీ అనే అంటుంటారు. గ్రూప్ రకం అడిగినప్పుడు సెక్యూరిటీ గ్రూప్ అని ఎంచుకోమనండి. టీమ్స్‌లో చాట్ కోసం తయారయ్యే మైక్రోసాఫ్ట్ 365 గ్రూపులు వర్క్‌స్పేస్‌లో చేర్చడానికి పనికొస్తాయి గానీ రో లెవెల్ సెక్యూరిటీ రోల్‌లో చేర్చడానికి పనికిరావు. అదీగాక టీమ్స్ గ్రూప్‌లోకి ఎవరో ఒక ఇంటర్న్‌ని చాట్ కోసం చేర్చారనుకోండి, మీకు తెలియకుండానే ఆ అబ్బాయికి సేల్స్ లెక్కలు తెరుచుకుంటాయి.

ప్రతి గ్రూప్‌కీ ఓనర్ ఉండాలి, ఆ ఓనర్ ఐటీ మనిషి కాకూడదని నా గట్టి అభిప్రాయం. సేల్స్ లెక్కలు ఎవరు చూడాలో తెలిసింది సేల్స్ హెడ్‌కి. గ్రూప్ ఓనర్‌గా పెడితే ఆమే మనుషులను చేర్చగలరు, తీసేయగలరు, టికెట్ వేసి ఐటీ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఓనర్లు ఇద్దరు ఉండటం మేలు, ఒకరు సెలవులో ఉంటే పని ఆగదు. ఎంట్రా పీ1 లైసెన్సు ఉంటే డైనమిక్ గ్రూపులు కట్టొచ్చు, అంటే విభాగం పేరు చూసి దానంతటదే మనుషులను చేరుస్తుంది, తీసేస్తుంది. కానీ హెచ్‌ఆర్ వాళ్లు విభాగం గడిని సరిగ్గా నింపుతుంటేనే అది పనిచేస్తుంది, ఒకరికి సేల్స్ అని, ఇంకొకరికి అమ్మకాల విభాగం అని రాసి ఉంటే కొంతమంది బయటే ఉండిపోతారు.

అడ్మిన్ గ్రూప్‌లో ఎంతమంది? ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు మానేసిన రోజున వర్క్‌స్పేస్ దిక్కులేనిదవుతుంది. మెంబర్ రోల్ చాలా కంపెనీలకు అసలు అక్కర్లేదు, బిల్డర్ గ్రూప్‌ని కాంట్రిబ్యూటర్‌గా పెట్టండి, యాప్ అప్‌డేట్ చేసే హక్కు వాళ్లకు కావాలంటే వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో దానికి విడిగా టిక్ ఉంది.

చూసేవాళ్లను వర్క్‌స్పేస్‌లోకి రానివ్వకండి

వ్యూయర్ గ్రూప్ అన్నాను గానీ దాన్ని వర్క్‌స్పేస్‌లో చేర్చమనలేదు. వర్క్‌స్పేస్ అన్నది రిపోర్టులు కట్టేవాళ్ల చోటు. సగం కట్టిన రిపోర్టులు, టెస్ట్ కాపీలు, ఫైనల్ అని పేరు పెట్టి మళ్లీ దానికే ఫైనల్-2 అని పెట్టినవి అన్నీ అక్కడే ఉంటాయి. చూసేవాళ్లకు యాప్ పబ్లిష్ చేసి ఇవ్వండి. యాప్‌లో ఆడియెన్స్ అని ఉంటుంది, ఒకే యాప్‌లో డిపో మేనేజర్లకు నాలుగు రిపోర్టులు, ఫైనాన్స్ వాళ్లకు ఏడు రిపోర్టులు కనిపించేలా వేర్వేరు ఆడియెన్స్‌లు పెట్టుకోవచ్చు. బీఐ-సేల్స్-వ్యూయర్ గ్రూప్‌ని ఆడియెన్స్‌కి ఇవ్వండి. యాప్ ద్వారా చూసేవాళ్లకూ రో లెవెల్ సెక్యూరిటీ పనిచేస్తుంది, మోడల్‌ని మార్చే హక్కు వాళ్లకు లేదు కాబట్టి.

ఒక హెచ్చరిక. రిపోర్ట్‌లో ఒక పేజీని హైడ్ చేయడం, టేబుల్‌లో ఒక కాలమ్‌ని హైడ్ చేయడం భద్రత కిందికి రావు, అవి చూపుకు శుభ్రంగా ఉండటానికి మాత్రమే. కొనుగోలు ధర కాలమ్ డిపోలకు తెలియకూడదు అనుకుంటే ఆబ్జెక్ట్ లెవెల్ సెక్యూరిటీ, అంటే టేబుల్‌నో కాలమ్‌నో పూర్తిగా దాచే ఏర్పాటు, పెట్టాలి, ట్యాబులర్ ఎడిటర్ లాంటి టూల్‌తో పెట్టొచ్చు. జీతాలకైతే నేను ఆ తంటా కూడా పడను. జీతాల మోడల్‌ని వేరే వర్క్‌స్పేస్‌లో, వేరే గ్రూపులతో, వేరే గేట్‌వే కనెక్షన్‌తో పూర్తిగా విడదీయమంటాను. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వ్యక్తిగత సమాచారానికి సరైన రక్షణ తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయొచ్చని ఉంది. మన తోటి ఉద్యోగి జీతం పక్క టేబుల్ వాళ్లకు కనిపించకూడదన్న దానికి ఆ చట్టం కూడా అక్కర్లేదనుకోండి.

నాలుగో పని: ఎవరు ఏ డిపో అన్నది టేబుల్‌లో పెట్టండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోండి, మొత్తం పనిలో రోజూ అక్కరకొచ్చేది ఇదే.

డేటాబేస్‌లోనో, షేర్‌పాయింట్‌లోనో ఒక చిన్న టేబుల్ చేయండి. రెండే కాలమ్‌లు: లాగిన్ మెయిల్ ఐడీ, డిపో కోడ్. విజయవాడ మేనేజర్‌కి ఒక వరస. విజయవాడ, విశాఖ రెండూ చూసే జోనల్ మేనేజర్‌కి రెండు వరసలు. ఎండీ గారికి నాలుగు వరసలు. దీన్ని మోడల్‌లోకి తెచ్చి డిపోల టేబుల్‌తో కలపండి, సేల్స్ వివరాలున్న పెద్ద టేబుల్‌తో నేరుగా కలపకండి, నెమ్మదిస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో వేసుకునే పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో మేనేజ్ రోల్స్ తెరిచి ఒకే ఒక్క రోల్ చేయండి (ఇది పైన చెప్పిన వర్క్‌స్పేస్ రోల్ కాదు, ఏ వరసలు కనిపించాలో చెప్పే రోల్), డిపో చూపు అని పేరు పెట్టుకోండి. ఆ రోల్ ఫిల్టర్‌లో మెయిల్ ఐడీ కాలమ్ యూజర్ ప్రిన్సిపల్ నేమ్ ఫంక్షన్‌తో సమానం అని రాయండి. లాగిన్ అయిన మనిషి ఎవరో ఆ ఫంక్షన్ చెబుతుంది, టేబుల్ ఆయన డిపోలు ఏవో చెబుతుంది, మిగతా వరసలు మాయమవుతాయి.

జోనల్ మేనేజర్ల వల్ల ఒకే డిపో కోడ్ ఈ టేబుల్‌లో చాలాసార్లు వస్తుంది కదా, కాబట్టి రెండు టేబుల్స్ మధ్య సంబంధం మెనీ టు వన్ (ఇక్కడ చాలా వరసలు, డిపోల టేబుల్‌లో ఒక్కటి) అవుతుంది, ఫిల్టర్ మామూలుగా వన్ వైపు నుంచి మెనీ వైపుకే పారుతుంది. అంటే మనకు కావాల్సిన దిశకు ఎదురు. ఆ రిలేషన్‌షిప్ తెరిచి క్రాస్ ఫిల్టర్ రెండువైపులా అని పెట్టి, దాని కిందే ఉండే సెక్యూరిటీ ఫిల్టర్ రెండు దిశల్లో వర్తించాలి అనే టిక్ కూడా పెట్టండి. ఈ రెండో టిక్ మర్చిపోతే రోల్ ఉన్నా అందరికీ అన్నీ కనిపిస్తాయి, ఎందుకో అర్థంకాక పూట గడిచిపోతుంది. టేబుల్‌ని రిపోర్ట్ కట్టేవాళ్ల కంటికి కనపడకుండా హైడ్ చేయండి.

పబ్లిష్ చేశాక పవర్ బీఐ సర్వీస్‌లో (బ్రౌజర్‌లో తెరిచేది) సెమాంటిక్ మోడల్ మీద సెక్యూరిటీ తెరిచి ఆ రోల్‌లో బీఐ-సేల్స్-వ్యూయర్ గ్రూప్‌ని చేర్చండి. రోల్స్ ఉన్న మోడల్‌లో ఏ రోల్‌లోనూ లేని మనిషికి రిపోర్ట్ తెరుచుకుంటుంది గానీ లోపల గ్రాఫులన్నీ ఎర్రర్ చూపిస్తాయి, అలాంటి ఫోన్ వస్తే ముందు ఇదే చూడండి. రెండు రోల్స్‌లో ఉన్న మనిషికి రెండూ కలిపి కనిపిస్తాయి, గట్టి ఫిల్టర్ గెలవదు, కలిసిపోతాయి. అందుకే ఒక్క రోల్ అంటున్నాను.

పరీక్షించడానికి అదే పేజీలో రోల్ పక్కన మూడు చుక్కలు నొక్కితే టెస్ట్ యాజ్ రోల్ ఉంటుంది, అక్కడ ఫలానా మనిషిగా చూపించు అని మెయిల్ ఐడీ ఇవ్వొచ్చు. వరంగల్ మేనేజర్‌గా చూడండి, జోనల్‌గా చూడండి, టేబుల్‌లో అసలు లేని ఒక మనిషిగా కూడా చూడండి, ఆ చివరివాళ్లకు ఖాళీ రావాలి. మెయిల్ ఐడీల దగ్గర జాగ్రత్త: కొన్ని కంపెనీల్లో మనిషికి వచ్చే మెయిల్ ఒకటి, లాగిన్ పేరు ఇంకొకటి ఉంటుంది, టేబుల్‌లో ఉండాల్సింది లాగిన్ పేరు.

దీనివల్ల ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. మొత్తం కంపెనీ అమ్మకాల్లో మా డిపో వాటా ఎంత అనే గ్రాఫ్ ఉంటే, అది అందరికీ నూరు శాతం చూపిస్తుంది, మిగతా డిపోలు వాళ్లకు లేనట్టే కాబట్టి. అలాంటి చోట నెలవారీ మొత్తం మాత్రమే ఉండే చిన్న సారాంశపు టేబుల్ ఒకటి విడిగా పెట్టి, దాన్ని ఫిల్టర్ తగలకుండా వదిలేయండి.

ఐదో పని: పక్కదారులు మూసేయండి

గ్రూపులు ఎంత చక్కగా ఉన్నా పక్కనుంచి దారి తెరిచి ఉంటే చేసిందంతా వృథా. షేర్ బటన్ నొక్కినప్పుడు వచ్చే లింక్‌లో సంస్థలో ఉన్న ఎవరైనా అనే ఎంపిక ఉంటుంది, ఆ లింక్ ఒక వాట్సాప్ గ్రూప్‌లో పడిందంటే కంపెనీ లాగిన్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ రిపోర్ట్ తెరుచుకుంటుంది. అడ్మిన్ పోర్టల్ టెనెంట్ సెట్టింగ్స్‌లో (కంపెనీ మొత్తానికి వర్తించేవి) దాన్ని ఆపొచ్చు. పబ్లిష్ టు వెబ్ అన్నది ఇంకా ప్రమాదం, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అత్యవసరమైన ఒకరిద్దరికి తప్ప అందరికీ ఆపేయించండి. షేర్ పెట్టెలో ఇతరులకు షేర్ చేయొచ్చు, ఈ డేటాతో కొత్తవి కట్టొచ్చు అనే రెండు టిక్కులు ఉంటాయి, వాటిని చూడకుండా పంపేయడం వల్లే బిల్డ్ హక్కు ఊరంతా పాకుతుంది. బిల్డ్ ఉంటే ఎక్సెల్‌లో అనలైజ్ చేయొచ్చు, గ్రాఫ్ వెనకున్న పూర్తి డేటాని దించుకోవచ్చు.

మెయిల్ సబ్‌స్క్రిప్షన్లు కూడా చూడండి. హెడ్ ఆఫీస్‌లో అన్నీ కనిపించే మనిషి ఒకరు రోజూ పొద్దున డిపోలన్నిటికీ రిపోర్ట్ మెయిల్ వెళ్లేలా పెట్టారనుకోండి, ఆ మెయిల్‌లో వెళ్లే బొమ్మ ఆ పెట్టిన మనిషి చూపుతోనే వెళ్తుంది. విశాఖ మేనేజర్ యాప్‌లో తన డిపోనే చూస్తాడు, మెయిల్‌లో మాత్రం కంపెనీ మొత్తం చూస్తాడు.

మార్చే రోజు

తేదీ ముందు ఎంచుకోండి. నెలాఖరు క్లోజింగ్ వద్దు, జీఎస్టీఆర్-1 కోసం 11వ తేదీ దగ్గర, జీఎస్టీఆర్-3బీ కోసం 20వ తేదీ దగ్గర ఫైనాన్స్ వాళ్ల జోలికి వెళ్లకండి, టార్గెట్ల చివరి వారంలో సేల్స్ వాళ్లను కదపకండి. నెలలో 13 నుంచి 17 మధ్య ఒక మంగళవారమో బుధవారమో చూసుకుంటే హాయి. శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు, శని ఆదివారాల్లో రిపోర్ట్ తెరుచుకోలేదంటే సరిదిద్దేవాళ్లు ఉండరు.

మొదట ఒక్క వర్క్‌స్పేస్ తీసుకోండి, అదీ ప్రాణం మీదికి రానిది, స్టాక్ లాంటిది. కొత్త గ్రూపులు చేర్చండి, పాత పేర్లు ఇంకా తీయకండి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది: పాత మెంబర్ రోల్, కొత్త వ్యూయర్ గ్రూప్ రెండూ ఉన్న మనిషికి పై రోలే వర్తిస్తుంది. కాబట్టి వాళ్ల లాగిన్‌తో అంతా బాగానే ఉంది అని తేలినా అది మీ కొత్త ఏర్పాటుకి పరీక్ష కాదు. కొత్త గ్రూప్‌లో మాత్రమే ఉండే ఒక టెస్ట్ లాగిన్ ఐటీని అడిగి తీసుకోండి, దాంతో చూడండి. సరిగ్గా ఉందనుకున్నాక పాత పేర్లు కొద్దికొద్దిగా తీయండి, ముందు వెళ్లిపోయినవాళ్లవి, తర్వాత బిల్డర్లవి, చివర్లో చూసేవాళ్లవి. మొదట్లో చేసుకున్న ఆ షీట్ కాపీ ఒకటి ముట్టుకోకుండా పక్కన ఉంచండి, ఏదైనా తేడా వస్తే వెనక్కి పెట్టడానికి అదే ఆధారం.

గ్రూప్‌లో చేర్చగానే యాక్సెస్ రాదు, కొంతసేపు పట్టొచ్చు, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలాసార్లు వచ్చేస్తుంది. ఈ విషయం మెయిల్‌లో ముందే రాయండి, సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ మెయిల్ కూడా మనుషులు రాసినట్టు ఉండాలి: "బుధవారం ఉదయం నుంచి స్టాక్ రిపోర్టులు యాప్‌లో చూడండి, లింక్ ఇదీ, మీ డిపో లెక్కలు మునుపటిలాగే ఉంటాయి, ఏదైనా కనిపించకపోతే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి." నా యాక్సెస్ తగ్గించారు, నా మీద నమ్మకం లేదా అని బాధపడేవాళ్లు తప్పకుండా ఉంటారు, ముఖ్యంగా మొదటి నుంచి పనిచేసిన సీనియర్లు. వాళ్లకు మెయిల్ కంటే ముందు మీరే ఫోన్ చేసి చెప్పండి, అన్నా, మీకు కనిపించేవి అన్నీ కనిపిస్తాయి, పొరపాటున ఏదైనా చెరిగిపోతే మీ పేరు రాకుండా ఉండటానికే అని.

మానేసినవాళ్ల పేరు మీద ఉన్న మోడల్స్‌ని సెట్టింగ్స్‌లో టేకోవర్ నొక్కి బిల్డర్ గ్రూప్‌లో ఒకరు తీసుకోవాలి, డేటాబేస్ పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది, అందుకే ఈ పని రిఫ్రెష్ టైమ్‌కి చాలా ముందు చేయండి. వాళ్ల మై వర్క్‌స్పేస్‌లో (ప్రతి మనిషికీ సొంతంగా ఉండేది) ఏవైనా ముఖ్యమైనవి ఉండిపోతే, ఖాతా తీసేశాక మామూలుగా 30 రోజుల వరకు అడ్మిన్ వాటిని తిరిగి తీసుకోగలరు. ఆ తర్వాత పోయినట్టే.

ఆ తర్వాత నడపడం

కొత్త యాక్సెస్ అడగాలంటే ఒక చిన్న ఫారం పెట్టండి: ఎవరికి, ఏ గ్రూప్, ఏ పని కోసం, ఎప్పటివరకు. ఆమోదం గ్రూప్ ఓనర్‌ది. ఫోన్‌లో అడిగితే ఇచ్చే అలవాటుకి వెళ్లకండి, అడిగింది ఎవరైనా సరే. ఆడిట్ కోసం బయటి నుంచి వచ్చేవాళ్లకు బీఐ-ఆడిట్-తాత్కాలిక అని ఒక గ్రూప్ పెట్టి, ఆడిట్ ముగిసిన రోజున మొత్తం ఖాళీ చేయండి.

కొత్తగా చేరినవాళ్లు అడిగి తీసుకుంటారు, మానేసినవాళ్ల ఖాతా ఎలాగూ ఐటీ మూసేస్తుంది, ఇబ్బందంతా బదిలీలతోనే. కొత్త చోట యాక్సెస్ అడుగుతారు, పాత చోటిది తీసేయమని ఎవరూ అడగరు. కాబట్టి హెచ్‌ఆర్ బదిలీ ఆర్డర్ మెయిల్ వెళ్లే జాబితాలో గ్రూప్ ఓనర్ల పేర్లు కూడా చేర్పించండి, డిపో టేబుల్‌లో వరస మార్చేది ఎవరో కూడా పేరు పెట్టి తేల్చుకోండి.

మూడు నెలలకోసారి ప్రతి గ్రూప్ జాబితాని దాని ఓనర్‌కి పంపండి. వీళ్లంతా ఇంకా ఉండాలా అని అడిగితే అందరూ ఉండాలి అనే జవాబే వస్తుంది, అలా అడగకండి. ఒక్కో పేరు పక్కన ఉంచాలి, తీసేయాలి అని రెండు గడులు పెట్టి, పది రోజుల్లో ఏ గడీ నింపని పేరు తీసేస్తామని అందులోనే రాయండి. నిజంగానే తీసేయండి. ఆ మనిషికి అవసరమైతే రెండో రోజే ఫోన్ వస్తుంది, ఫారం నింపించి అయిదు నిమిషాల్లో మళ్లీ చేర్చొచ్చు.